ట్యాంకు దగ్గరే నీళ్లు ఆగాలి: మన డాబా ఇళ్లకి వైర్‌లెస్ లీక్ సెన్సార్లు, ఆటోమేటిక్ వాల్వ్ బిగించుకునే పద్ధతి

సంక్రాంతికి ఇంటికి తాళం వేసి శ్రీకాకుళంలో మా అత్తగారింటికి వెళ్లాం, విజయనగరం నుంచి గంటన్నర దూరమే కదా అని పెద్దగా ఏమీ చూసుకోలేదు, గ్యాస్ కట్టేసాం, లైట్లు ఆపేసాం, అంతే. పండగ రోజు పొద్దున్నే ఎదురింటి పిన్నిగారు ఫోన్ చేసి "ఏటి బాబూ, మీ గుమ్మం కింద నుంచి నీళ్లు కారతన్నాయి, లోపల కుళాయి ఏటైనా వదిలీసారా" అన్నారు. వచ్చి తలుపు తీస్తే హాలు, రెండు బెడ్‌రూములు మొత్తం నీళ్లు. డైనింగ్ దగ్గర వాష్ బేసిన్ కింద ఉండే కనెక్షన్ పైపు, అదే యాంగిల్ కాక్ నుంచి కుళాయికి వెళ్లే అల్లిక పైపు, నట్టు దగ్గర పగిలిపోయింది. ప్లైవుడ్ కబోర్డులు అడుగు ఉబ్బిపోయాయి, మా నాన్నగారి పాత కాగితాలు బీరువా కింద అరలో ఉండేవి, అవి ముద్దయిపోయాయి, వాటి గురించి మా అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది.

నాకు మొదట అర్థం కానిది ఏంటంటే, మాది 1000 లీటర్ల ట్యాంకు, అది ఖాళీ అయితే నీళ్లు ఆగిపోవాలి కదా, ఇల్లంతా ఇంత ఎలా వచ్చాయి అని. మేడ మీదకెళ్లి చూస్తే ట్యాంకు నిండుగా ఉంది! మోటారుకి ఆటోమేటిక్ స్విచ్ పెట్టించాం కదా, ట్యాంకులో నీళ్లు తగ్గగానే అది బోరు ఆన్ చేసేసింది, నింపింది, మళ్లీ తగ్గింది, మళ్లీ నింపింది. దాని పని అది సరిగ్గానే చేసింది. కింద పైపు పగిలిందని దానికి చెప్పేవాళ్లే లేరు.

అప్పటి నుంచి ఈ లీక్ సెన్సార్ల గురించి చదవడం మొదలుపెట్టాను. దొరికే గైడ్లన్నీ ఒకటే చెప్తాయి, వీధి లైను ఇంట్లోకి వచ్చేచోట మీటరు పక్కన వాల్వ్ పెట్టండి అని. అది వీధి పైపులోంచే ఇరవైనాలుగు గంటలూ ప్రెషర్‌తో నీళ్లొచ్చే దేశాలకి సరిపోతుంది. మనకి బోరో సంపో, అక్కడి నుంచి మేడ మీద ట్యాంకు, ట్యాంకు నుంచి కిందకి వాటంతట అవే దిగే నీళ్లు. వీధి లైను దగ్గర వాల్వ్ పెడితే ట్యాంకులో ఉన్న 1000 లీటర్లు హాయిగా ఇంట్లోకి వచ్చేస్తాయి. కాబట్టి మనకి వాల్వ్ ట్యాంకు అవుట్‌లెట్ దగ్గర ఉండాలి, దాంతోపాటు మోటారు కూడా ఆగాలి. ఈ రెండూ కలిపి చేస్తేనే పని పూర్తయినట్టు, ఒక్కటే చేస్తే సగమే.

ముందు కాగితం, పెన్ను

ఏదీ కొనకముందు మేడ ఎక్కి మీ ట్యాంకు నుంచి ఎన్ని పైపులు బయటికి వస్తున్నాయో చూసి కాగితం మీద గీసుకోండి. కొన్ని ఇళ్లలో ఒకటే అవుట్‌లెట్ ఉంటుంది, అది మేడ మీద చుట్టూ తిరిగి ఒక్కో బాత్రూముకి, వంటింటికి డౌన్ లైన్లు దిగుతాయి. కొన్నిట్లో రెండు ఉంటాయి, వంటింటికి వేరు, బాత్రూములకి వేరు. పై పోర్షన్ అద్దెకిచ్చి ఉంటే వాళ్లకి ఇంకోటి. ప్రతి అవుట్‌లెట్‌కీ ఒక వాల్వ్ కావాలి, లేదా అన్నీ ఒక పైపులో కలిపి ఒక వాల్వ్ పెట్టాలి. అద్దెకున్నవాళ్ల లైను మీ వాల్వ్ కిందకి తేకండి, మీ వంటింట్లో సెన్సార్ తడిసిందని వాళ్లకి నీళ్లు ఆగిపోతే గొడవ.

మున్సిపల్ కుళాయి నేరుగా వంటింటి సింకుకి వస్తుందేమో చూడండి. తాగడానికి అని చాలామంది అలాగే వేయించుకుంటారు. అది ట్యాంకుతో సంబంధం లేని లైను, ట్యాంకు వాల్వ్ దాన్ని ఆపలేదు. ఆ నీళ్లు వచ్చేది రోజులో కాసేపే అయినా, ఊరెళ్లేటప్పుడు దాని యాంగిల్ కాక్ చేత్తో కట్టేసి వెళ్లాలి, లేదంటే దానికీ ఒక చిన్న వాల్వ్.

ప్రెషర్ పంపు ఉంటే అది కూడా గీసుకోండి. ట్యాంకు వాల్వ్ మూసుకున్నాక పంపు తిరుగుతూ ఉంటే నీళ్లు లేకుండా తిరిగి సీల్ కాలిపోతుంది, కాబట్టి ఆపాల్సిన వాటి లిస్టులో అది కూడా చేరాలి.

ఇంకోటి, గాలి పైపు. ట్యాంకు అవుట్‌లెట్ తర్వాత ఒక పైపు నిలువుగా పైకి లేచి, ట్యాంకు నీటి మట్టం కంటే ఎత్తులో వంగి తెరిచి ఉంటుంది చూడండి, అదే. మీ కొత్త వాల్వ్ ట్యాంకుకీ ఈ గాలి పైపుకీ మధ్యలో రావాలి. గాలి పైపు వాల్వ్‌కి ముందు ఉండిపోతే, వాల్వ్ మూసినప్పుడు కింద లైనులోకి గాలి రాదు, లోపల పీల్చినట్టయిపోతుంది, మళ్లీ తెరిచాక గాలి ఇరుక్కుని ఒక బాత్రూములో నీళ్లొచ్చి ఇంకో బాత్రూములో రావు. అసలు గాలి పైపే లేని ఇళ్లు కూడా ఉన్నాయి, అలాంటప్పుడు ఈ పనితో పాటే ఒక టీ (మూడు దారుల జాయింట్) వేసి పైపు లేపించేయండి.

ఏం కొనాలి

వాల్వ్ గురించే ఎక్కువ చెప్తాను, ఎందుకంటే చాలామంది తప్పు చేసేది ఇక్కడే. షాపులో ఆటోమేటిక్ వాల్వ్ అంటే ముందు సోలినాయిడ్ వాల్వ్ (కరెంటు అయస్కాంతంతో తెరుచుకునేది) చూపిస్తారు, చవగ్గా వస్తుంది కూడా. మనకి అది పనికిరాదు. ఎందుకంటే చాలా సోలినాయిడ్ వాల్వుల్లో లోపల రబ్బరు డయాఫ్రమ్ లేవడానికి నీటి ప్రెషర్ కావాలి. నీళ్లు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు 1 బార్ ప్రెషర్ వస్తుంది, మన ఒకంతస్తు ఇంట్లో ట్యాంకుకీ కుళాయికీ తేడా మూడు నాలుగు మీటర్లు, అంటే 0.3, 0.4 బార్. ఇంకా వాల్వ్ ఉండేది కింద కుళాయి దగ్గర కాదు, ట్యాంకు పక్కనే, అక్కడ నీటి ఎత్తు ఒక మీటరు కూడా ఉండదు. ఆ కాస్త ప్రెషర్‌కి అది సరిగ్గా తెరుచుకోదు, నీళ్లు సన్నగా వస్తాయి. పైగా మామూలుగా దొరికే రకం తెరిచి ఉండాలంటే ఎప్పుడూ కరెంటు తాగుతూనే ఉండాలి.

కావాల్సింది మోటరైజ్డ్ బాల్ వాల్వ్. చిన్న మోటారు లోపలి బంతిని పావు చుట్టు తిప్పుతుంది, మూయడానికి కొన్ని సెకన్లు పడుతుంది, తిరిగేటప్పుడు మాత్రమే కరెంటు తీసుకుంటుంది. కొనేటప్పుడు ఇవి అడగండి: 12 వోల్టుల డీసీది కావాలి, ఫుల్ బోర్ కావాలి అంటే లోపలి రంధ్రం పైపు సైజంతా ఉండాలి, బాడీ ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ ఉండాలి, పైన మోటారు డబ్బా ఐపీ65 (దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే రేటింగ్) లేదా అంతకంటే మంచిది ఉండాలి, చేత్తో తిప్పే గుబ్బ తప్పనిసరిగా ఉండాలి. సైజు మీ అవుట్‌లెట్ పైపుదే తీసుకోండి. ఇంచిన్నర పైపుకి ముప్పావు వాల్వ్ పెడితే షవర్ కింద నిలబడిన ప్రతి రోజూ తెలుస్తుంది.

ఉన్న బాల్ వాల్వ్ హ్యాండిల్ మీద పట్టుకుని తిప్పే క్లాంప్ రకం కూడా ఆన్‌లైన్లో దొరుకుతుంది, పైపు కోయక్కర్లేదు అని ఆశపడతాం. పొడుగు లివర్ ఉన్న ఇత్తడి వాల్వ్ అయితే బాగానే ఉంటుంది, కానీ మన మేడల మీద ఉండేవి చాలావరకు ప్లాస్టిక్ వాల్వులు, పొట్టి హ్యాండిల్, ఎండకి పెళుసెక్కి, బోరు నీళ్ల గారకి బిగుసుకుపోయి ఉంటాయి. క్లాంపు జారిపోతుంది, లేదా హ్యాండిల్ విరుగుతుంది. మీ వాల్వ్ ఒక వేలితో తిరిగితేనే ఆ రకం ఆలోచించండి.

సెన్సార్లు రెండు రకాలు, వైఫైవి, జిగ్‌బీవి. జిగ్‌బీ అంటే ఇంటి పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఇంకో వైర్‌లెస్ పద్ధతి, హబ్ అంటే వాటన్నిటినీ కలిపి నడిపే చిన్న పెట్టె. వైఫై సెన్సార్‌కి హబ్ అక్కర్లేదు గానీ బ్యాటరీ తొందరగా అయిపోతుంది, రౌటర్ ఆగితే దానికి దారి లేదు. జిగ్‌బీ సెన్సార్‌కి హబ్ కావాలి, కానీ చిన్న బ్యాటరీతోనే చాలాకాలం పనిచేస్తుంది, ఇంకా ముఖ్యంగా హబ్, సెన్సార్, వాల్వ్ స్విచ్ మూడూ ఒకే కుటుంబానివైతే ఇంటర్నెట్ పోయినా లోపల్లోపలే పని జరిగిపోతుంది. నేను జిగ్‌బీకే వెళ్లాను, మీరూ అదే తీసుకోండి అంటాను. కొనేముందు "లోకల్ ఆటోమేషన్ ఉందా" అని చూసుకోండి, కొన్ని హబ్బులు పేరుకి ఇంట్లో ఉన్నా ప్రతి ఆలోచనకీ సర్వర్ దాకా వెళ్లొస్తాయి.

ఇవి కాక: వాల్వ్‌ని నడిపే జిగ్‌బీ రిలే మాడ్యూల్, అంటే హబ్ చెప్పగానే కరెంటు కలిపి తెంపే చిన్న స్విచ్ (కొన్ని వాల్వులకి లోపలే ఉంటుంది), 12 వోల్టుల అడాప్టర్, వాన పడని డబ్బా, రెండు యూనియన్లు (విప్పి బిగించుకునే జాయింట్లు), బైపాస్‌కి అంటే పక్కదారికి ఒక మామూలు బాల్ వాల్వ్, రెండు టీలు, ఎల్బోలు, ఇత్తడి మర ఉన్న అడాప్టర్లు, టెఫ్లాన్ టేపు, మీ పైపుకి సరిపడే సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు). సీపీవీసీకి యూపీవీసీ సొల్యూషన్ వాడకండి, రెండూ వేరు. గంటస్తంభం చుట్టుపక్కల షాపుల్లో ప్లంబింగ్ సామాన్లన్నీ దొరుకుతాయి, ఎలక్ట్రానిక్ సామాను మాత్రం నేను ఆన్‌లైన్లోనే తెప్పించాను.

సెన్సార్లు ఎక్కడ పెట్టాలి

బాత్రూములో పెట్టకండి. మన బాత్రూముల్లో చెంబుతో పోసుకుంటాం, నేలంతా రోజూ తడే, సెన్సార్ రోజూ అరుస్తుంది, మూడో రోజు ఎవరో ఒకరు విసుక్కుని పీకేస్తారు. బాత్రూము గడపకి బయట గోడ మూలన పెట్టండి, నీళ్లు గడప దాటాయంటేనే అది ప్రమాదం.

నేను పెట్టినవి ఇవి. డైనింగ్ వాష్ బేసిన్ కింద ఒకటి. వంటింటి సింకు కింద ఒకటి. నీళ్ల ఫిల్టర్ కింద ఒకటి, దాని సన్నటి పైపులు గుచ్చి పెట్టే రకం కదా, అవి మెల్లగా జారతాయి. వాషింగ్ మెషీన్ వెనక ఒకటి, దాని కుళాయి ఎప్పుడూ తెరిచే ఉంచేస్తాం, పైపు మీద రాత్రింబవళ్లు ప్రెషర్ ఉంటుంది. రెండు బాత్రూముల గడపల బయట రెండు. మొత్తం ఆరు. వెస్ట్రన్ కమోడ్ పక్కన ఉండే హ్యాండ్ స్ప్రే పైపు కూడా పగిలే రకమే, దాని వెనక కాక్ కట్టకుండా వదిలేస్తే పైపులో ప్రెషర్ అలాగే నిలబడి ఉంటుంది, గడప బయట సెన్సార్ దానికీ కాపలా.

నేలకి వాలు ఉంటుంది, మూల మూలకీ తేడా ఉంటుంది. ఒక గ్లాసు నీళ్లు బేసిన్ కింద పోసి ఎటు పారుతున్నాయో చూసి, అటువైపు పెట్టండి. ఈ ఒక్క చిన్న పని చేయకుండా అందంగా కనిపించేచోట పెట్టేసేవాళ్లే ఎక్కువ.

సెన్సార్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతావి మీకే తోస్తాయి. అడుగున రెండు లోహపు బొడిపెలుంటాయి, వాటి మధ్య నీళ్లు చేరితే సన్నగా కరెంటు పారుతుంది, అంతే. కాబట్టి తడిగుడ్డ పెట్టినా అరుస్తుంది, ఇల్లు తుడిచే ఆమెకి ముందే చూపించి చెప్పండి. చీమలు కింద గూడు పెడితే, ఫినాయిల్ మరక ఎండిపోయి పేరుకుంటే తప్పుడు అలారాలు వస్తాయి. భీమిలి, భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పు గాలికి ఆ బొడిపెలు నల్లబడతాయి, రెండు మూడు నెలలకోసారి పొడిగుడ్డతో తుడవాలి.

గోడలో దాచిన పైపు లోపల కారితే ఈ సెన్సార్లకి తెలియదు, ఆ సంగతి పరీక్ష దగ్గర చెప్తాను.

వాల్వ్ బిగించడం

పైపు కోసి అతికించడం మీకు అలవాటు లేకపోతే ప్లంబర్‌ని పిలవండి, కానీ పక్కనే నిలబడండి. మా ప్లంబర్ బాబాయి ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడే, అయినా "ఈ మోటారు వాల్వ్ ఏటి బాబూ, చేత్తో కట్టుకోలేమా" అనేసి బైపాస్ వద్దన్నాడు, నేనే పట్టుబట్టి వేయించాను. బైపాస్ అంటే, వాల్వ్‌కి ముందొక టీ, తర్వాతొక టీ, ఆ రెండిటి మధ్య పక్కదారిలో చేతి బాల్ వాల్వ్. మామూలుగా అది మూసి ఉంటుంది. మోటారు వాల్వ్ పాడైన రోజు దాన్ని తెరిస్తే ఇంట్లో నీళ్లొస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే అది లేకుండా ఈ పని మొదలే పెట్టకండి.

మొదట మోటారు ఆపి, ఆటోమేటిక్ స్విచ్ కూడా ఆపి, ట్యాంకు నీటిని అవుట్‌లెట్ కింద దాకా తగ్గనివ్వండి. ట్యాంకు కడగాలి అనుకుంటే ఇదే రోజు, ఎందుకంటే అడుగున చేరిన ఇసుక వాల్వ్ బంతి మీద గీతలు పెడుతుంది. కొందరు వాల్వ్ ముందు జాలీ ఫిల్టర్ పెట్టమంటారు, ప్రెషర్ తక్కువున్న మన లైన్లో అది నిండిపోయి నీళ్లు తగ్గిపోతాయి, నేనైతే వద్దనే అంటాను, ఏడాదికి రెండుసార్లు ట్యాంకు కడిగించుకోవడం మేలు.

పైపు కోశాక అంచున ఉండే పొట్టు గీకేసి, పైపులు, టీలు అన్నీ అతికించి, మోటారు వాల్వ్ స్థలం ఖాళీగా ఉంచి, సొల్యూషన్ డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వండి. ఆరాక ముందు కాసిన్ని నీళ్లు వదిలి లోపలి చెత్త బయటికి పోనిచ్చి, ఆ తర్వాతే వాల్వ్‌ని రెండు యూనియన్ల మధ్య బిగించండి. మర బిగించేచోట టెఫ్లాన్ టేపు మర తిరిగే దిశలోనే చుట్టాలి. ప్లాస్టిక్ లోపలి మరలోకి లోహపు మర గట్టిగా బిగిస్తే ఆ రోజు బాగానే ఉంటుంది, నెల తర్వాత ఎండకి చీలుతుంది, అందుకే ఇత్తడి మర ఉన్న అడాప్టర్లు అన్నాను. మోటారు డబ్బా పైపుకి పైన గానీ పక్కకి గానీ ఉండాలి, కిందకి వేలాడితే ఏ చిన్న చెమ్మ కారినా మోటారులోకే పోతుంది. ఇత్తడి వాల్వ్ బరువుగా ఉంటుంది, కింద ఒక ఇటుక గానీ గోడకి క్లాంపు గానీ ఆనించండి, బరువంతా ప్లాస్టిక్ పైపు మీద వేలాడనివ్వకండి. మే నెల ఎండ నేరుగా తగలకుండా పైన చిన్న రేకు ముక్క.

12 వోల్టుల అడాప్టర్ మేడ మీద పెట్టకుండా, మెట్ల గదిలోనో ఇంట్లోనో ఇన్వర్టర్ లైను మీద పెట్టి, సన్నటి పైపులో వైరు మేడ మీదకి లాగండి. వైరు మరీ సన్నంది వద్దు, 15 మీటర్లు దాటితే వోల్టేజీ పడిపోయి వాల్వ్ సగంలో ఆగుతుంది, 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు వాడితే దిగులుండదు. రిలే వైరింగ్ వాల్వ్ రకాన్ని బట్టి మారుతుంది. కొన్ని రెండు వైర్ల వాల్వులు ప్లస్ మైనస్ తిరగేస్తే తెరుచుకుని మూసుకుంటాయి, మూడు వైర్లవీ ఐదు వైర్లవీ వేరేగా ఉంటాయి, వాల్వ్‌తో వచ్చిన బొమ్మ చూసి కలపండి, రంగులు ఊహించి కలపొద్దు.

మోటారు కూడా ఆగాలి

ఇది ఎలక్ట్రీషియన్ పనే, మీరు చేయకండి. ఆయనకి ఏం చెప్పాలో మాత్రం తెలుసుకోండి. ప్లగ్గులో పెట్టే స్మార్ట్ స్విచ్ తెచ్చి బోరు మోటారుకి తగిలించడం పెద్ద తప్పు, మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే చాలా రెట్లు కరెంటు లాగుతుంది, ఆ స్విచ్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి, అంటే ఆపమన్నా ఆగదు. తేలికైన దారి, ఆటోమేటిక్ లెవెల్ కంట్రోలర్‌కి (ట్యాంకు మట్టం చూసి మోటారు వేసే ఆ ఆటోమేటిక్ స్విచ్‌కే) వెళ్లే కరెంటుని రిలేతో కత్తిరించడం. కంట్రోలర్ ఆరిపోతే అది మోటారుని ఆన్ చేయలేదు. త్రీ ఫేజ్ స్టార్టర్ ఉంటే నో వోల్ట్ కాయిల్ (స్టార్టర్‌ని ఆన్‌లో పట్టి ఉంచే చుట్ట) వైరులో సిరీస్‌గా రిలే కాంటాక్ట్ వేస్తే సరి, కాయిల్ వదిలేయగానే స్టార్టర్ పడిపోతుంది. రిలే కాంటాక్టు వోల్టేజీ రేటింగ్ ఆ కాయిల్‌కి సరిపోవాలని ఆయనకి గుర్తుచేయండి. ప్రెషర్ పంపు ఉంటే దానికీ కాంటాక్టర్ (మోటారు కరెంటుని తట్టుకునే పెద్ద స్విచ్) పెట్టి ఇలాగే చేయించండి.

హబ్, యాప్

ఇక్కడ పెద్ద కథేం లేదు. హబ్‌ని రౌటర్‌కి కలిపి, ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఉందో లేదో చూసుకుని, ఒక్కొక్క సెన్సార్‌నీ హబ్ పక్కనే పెట్టి జత చేయండి, పేర్లు తెలుగులో పెట్టుకోండి, "సింకు కింద", "వాషింగ్ మెషీన్" అని, అర్ధరాత్రి అలారం వస్తే అమ్మకి కూడా అర్థమవ్వాలి.

సిగ్నల్ దగ్గరే కాస్త ఇబ్బంది. హబ్ హాల్లో ఉంటుంది, రిలే మేడ మీద, మధ్యలో కాంక్రీటు శ్లాబు. జిగ్‌బీలో కరెంటు మీద నడిచే దాదాపు ప్రతి పరికరం సిగ్నల్‌ని పక్కదానికి అందిస్తుంది, బ్యాటరీ సెన్సార్లు అందించవు. అందుకని మెట్ల దారిలో ఒక జిగ్‌బీ స్మార్ట్ ప్లగ్ పెడితే అది మెట్టు రాయిలా పనిచేస్తుంది. వీలైతే రిలేని మెట్ల గదిలోనే పెట్టి, మేడ మీదకి వైరు మాత్రమే తీసుకెళ్లండి, నేను అలాగే చేశాను, వానా తగలదు సిగ్నలూ అందుతుంది.

ఆటోమేషన్ ఒకటే: ఏ సెన్సార్ తడిసినా వాల్వ్ మూయాలి, మోటారు రిలే ఆపాలి, హబ్ సైరన్ మోగాలి, ఇంట్లో అందరి ఫోన్లకీ మెసేజ్ రావాలి. సెన్సార్ ఆరితే వాల్వ్ మళ్లీ తెరవమని మాత్రం పెట్టకండి. నీళ్లు పక్కకి పారి సెన్సార్ ఆరిపోవచ్చు, పైపు మాత్రం పగిలే ఉంటుంది. తెరవడం మనిషి చేతిలోనే ఉండాలి.

ఇంకో చిన్న ఆటోమేషన్, పదిహేను రోజులకోసారి పగలు ఇంట్లో మనుషులున్న టైంలో వాల్వ్ ఒకసారి మూసి తెరవాలి. మన బోరు నీళ్లకి గార పట్టి కదలకుండా ఉన్న బాల్ వాల్వ్ బిగుసుకుపోతుంది, అవసరమైన రోజు మోటారు తిప్పలేకపోతుంది.

పరీక్ష

ఒక్కో సెన్సార్ కింద ఒక చెంచా కుళాయి నీళ్లు పోయండి. ఫిల్టర్ నీళ్లతో పరీక్షించకండి, వాటిలో లవణాలు తక్కువ, సెన్సార్ ఆలస్యంగా పట్టొచ్చు, పాడైందనుకుంటారు. ఎన్ని సెకన్లకి వాల్వ్ మూసుకుందో చూడండి, మేడ మీద ఒకరు నిలబడి కళ్లతో చూడాలి, యాప్‌లో మూసుకుంది అని చూపించడం వేరు, బంతి నిజంగా తిరగడం వేరు. తర్వాత రౌటర్ ఇంటర్నెట్ వైరు పీకి మళ్లీ చేయండి. తర్వాత మెయిన్ ఆపి, ఇన్వర్టర్ మీద మళ్లీ చేయండి. ఈ మూడూ దాటితేనే పని అయినట్టు.

వాల్వ్ మూశాక కూడా కాసేపు నీళ్లు వస్తాయి, కంగారు పడకండి. ఇంచి పైపులో మీటరుకి అర లీటరుకి కాస్త తక్కువ నీళ్లుంటాయి, ఇరవై మీటర్ల లైను ఉంటే అర బకెట్టు పైన కారి ఆగుతుంది. అలాగే పగిలిన పైపు ఎంత పోస్తుందో తెలుసుకోవాలంటే బేసిన్ కింద కనెక్షన్ పైపు విప్పి బకెట్టు పెట్టి టైం చూడండి. నిమిషానికి 10 లీటర్లు వస్తే 1000 లీటర్ల ట్యాంకు గంటా నలభై నిమిషాల్లో ఖాళీ. ఆ లెక్క చూశాకే మా తమ్ముడు కూడా వాళ్లింట్లో పెట్టించాడు.

ఇప్పుడు గోడలో కారే పైపుల సంగతి. ఈ వాల్వ్‌తోనే పట్టొచ్చు. రాత్రి పడుకునేముందు మోటారు ఆపి, వాల్వ్ తెరిచే ఉంచి, ట్యాంకులో నీటి మట్టం కర్రతో కొలిచి గుర్తు పెట్టండి, తెల్లారి ఎవరూ కుళాయి ముట్టకముందు మళ్లీ కొలవండి. తగ్గిందంటే, ఇంకో రాత్రి వాల్వ్ మూసి ఇదే చేయండి. మూసినప్పుడు తగ్గకుండా తెరిచినప్పుడే తగ్గితే కారేది ఇంటి లైన్లలో. ఫ్లష్ ట్యాంకులో కొంచెం రంగు నీళ్లు పోసి కమోడ్‌లోకి దిగుతున్నాయేమో ముందు చూడండి, గోడ పగలగొట్టేముందు అది చూడటం మంచిది. సెకనుకి ఒక చుక్క చొప్పున కారినా రోజుకి నాలుగు లీటర్ల పైనే పోతాయి.

తుఫాను రోజులు

మన జిల్లాలకి ఇది పక్కన పెట్టే విషయం కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండు సార్లూ రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాం, ఉద్దానం పల్లెలైతే ఇంకా ఎక్కువ అవస్థ పడ్డాయి. అలాంటప్పుడు కరెంటు పోగానే దానంతట అదే మూసుకునే వాల్వ్ ఉంటే ట్యాంకులో నీళ్లుండి కూడా ఇంట్లోకి రావు. అందుకే ఉన్నచోటే ఆగిపోయే రకం కొనమంటాను, చేతి గుబ్బ ఉండాలన్నదీ ఇందుకే. తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపి, వాల్వ్ తెరిచి ఉందో లేదో చూసి, అడాప్టర్ ప్లగ్ పీకేయండి, పిడుగులకి రిలే కాలిపోకుండా. అన్ని సెన్సార్ల బ్యాటరీలు నేను సిరిమాను పండక్కి ముందు ఇల్లు దులిపేటప్పుడు మార్చేస్తాను, దసరా తర్వాత మంగళవారం కదా, సరిగ్గా తుఫాన్ల కాలం, మర్చిపోయే వీలు లేదు.

అలారం వస్తే

ఇంట్లో ఉంటే ముందు తడిసిన చోట ప్లగ్గులేమైనా ఉన్నాయా చూసి, ఉంటే మెయిన్, ఇన్వర్టర్ రెండూ కట్టేసి, తర్వాతే నీళ్లలో కాలు పెట్టండి. ఊళ్లో లేకపోతే యాప్‌లో వాల్వ్ మూసుకున్నట్టు చూసి, తాళం చెవి ఇచ్చిన పక్కింటివాళ్లకి ఫోన్ చేయండి. మా ఎదురింటి పిన్నిగారి దగ్గర ఒక తాళం చెవి ఇప్పుడు ఎప్పుడూ ఉంటుంది, బైపాస్ ఎక్కడుందో, దాన్ని ముట్టుకోకూడదని కూడా ఆవిడకి మేడ మీదకి తీసుకెళ్లి చూపించాను.

పైపు బాగుచేశాక తెరిచేటప్పుడు తొందరొద్దు. గీజర్లు ఆపి ఉంచండి. ఇంట్లో అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తెరిచి, అప్పుడు వాల్వ్ తెరవండి, గాలి బుస్సుమంటూ పోయి నీళ్లు నిండుగా వచ్చేదాకా వదలండి, తర్వాత ఒక్కో కుళాయి, చివర్లో గీజర్ వేడి నీళ్ల కుళాయి. దాంట్లోంచి నీళ్లు తెగకుండా వస్తున్నాయంటే గీజర్ నిండినట్టు, అప్పుడే దాని స్విచ్ వేయాలి. ఆఖరున తడిసిన సెన్సార్‌ని తుడిచి, బాగుచేసిన జాయింట్ కింద పొడి న్యూస్‌పేపర్ పరిచి, పక్కన సెన్సార్ పెట్టి, రెండు రోజులు ఆ కాగితం మీద మరక పడుతుందేమో చూడండి.